కాశీలో బస: గది కంటే ముందు సందు చూసుకోవాలి

కాశీలో గది వెతుకుతుంటే ఫొటోల్లో మంచం కనిపిస్తుంది, తెల్ల దుప్పటి కనిపిస్తుంది, కిటికీలోంచి గంగ కనిపిస్తుంది. ఆటో దిగిన చోటి నుంచి ఆ మంచం దాకా ఉన్న దారి మాత్రం ఏ ఫొటోలోనూ ఉండదు. పాత కాశీలో బస హాయిగా గడుస్తుందా, రెండో రోజుకే మోకాళ్లు పట్టేస్తాయా అన్నది ఆ దారి మీదే ఆధారపడి ఉంటుంది. అందుకే ఇంట్లో పెద్దవాళ్ల కోసం గది చూసేటప్పుడు నేను హోటల్ పేర్లతో మొదలుపెట్టను. ముందు ఘాట్, తర్వాత సందు, ఆపైన మెట్లు, చివర గది.

అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది రాత్రుల లెక్క. దర్శనం చేసుకుని వచ్చేసేవాళ్లకు రెండు మూడు రాత్రులు చాలు, గది కాస్త ఇరుకైనా సర్దుకుపోవచ్చు. తొమ్మిది నిద్రలు చేయాలనుకునేవాళ్లకు అలా కుదరదు. బట్టలు ఉతికి ఆరేసుకునే డాబా, ఇన్సులిన్ లాంటి మందులుంటే పెట్టుకోవడానికి ఫ్రిజ్, రోజూ తినగలిగే తిండి దగ్గర్లో ఉండటం, ఇవన్నీ అవసరమవుతాయి. తేదీల దగ్గర కూడా జాగ్రత్త కావాలి. రైలు తెల్లవారుజామున మూడింటికి దిగుతుందనుకుందాం. ఆ రోజు తేదీకి బుక్ చేస్తే గది చేతికొచ్చేది మధ్యాహ్నం పన్నెండు తర్వాతే. దిగగానే పడుకోవాలంటే ముందు రోజు తేదీ నుంచి బుక్ చేసి, "తెల్లవారుజామున వస్తాం" అని హోటల్‌కు రాసి పెట్టాలి. అలా రాయకపోతే, రాత్రి ఎవరూ రాలేదని మొత్తం బుకింగే రద్దు చేసేవాళ్లున్నారు. తొమ్మిది నిద్రల మధ్యలో ప్రయాగ వెళ్లొచ్చు. సుమారు నూట పాతిక కిలోమీటర్లు, తెల్లవారుజామున బయల్దేరితే రాత్రికి తిరిగి చేరతారు. గయ అలా కాదు, దాదాపు రెండువందల యాభై కిలోమీటర్లు. దాన్ని నిద్రలకు ముందో తర్వాతో పెట్టుకోవడమే మంచిది.

ఇక కాలం. అక్టోబరు చివరి నుంచి మార్చి మధ్య దాకా వాతావరణం బాగుంటుంది కానీ, డిసెంబరు చివర, జనవరిలో పొగమంచు దిగుతుంది. ఉత్తరాది రైళ్లు గంటల కొద్దీ ఆలస్యమవుతాయి, బాబత్‌పూర్ విమానాశ్రయంలో పొద్దుటి విమానాలు తారుమారవుతాయి. ఆ నెలల్లో డబ్బు వాపసు రాని బుకింగ్ జోలికి పోకూడదు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఘాట్‌లన్నీ నది పడమటి ఒడ్డున, తూర్పు ముఖంగా ఉంటాయి కాబట్టి గంగ కనిపించే గదిలోకి సూర్యోదయంతోనే ఎండ దూసుకొస్తుంది. చలికాలంలో అది వరం. మే నెలలో మాత్రం పొద్దున్నే ఎనిమిదింటికల్లా గది వేడెక్కిపోతుంది.

వానాకాలం గురించి కాస్త వివరంగా చెప్పాలి. రాజ్‌ఘాట్ దగ్గర కొలిచే గంగ మట్టానికి హెచ్చరిక స్థాయి 70.262 మీటర్లు, ప్రమాద స్థాయి 71.262 మీటర్లు. 1978 వరదలో అది 73.901 మీటర్ల దాకా వెళ్లింది. హెచ్చరిక స్థాయికి చాలా ముందే ఒక ఘాట్ నుంచి ఇంకో ఘాట్‌కు నడిచే దారి మునిగిపోతుంది, పడవలు ఆపేస్తారు, దశాశ్వమేధ ఘాట్‌లో సాయంత్రం హారతి మెట్ల మీద నుంచి డాబా మీదికి మారుతుంది. అప్పుడు "ఘాట్ వెంట పది నిమిషాల నడక" అని హోటల్ చెప్పిన దూరం సందుల్లో చుట్టూ తిరిగే అరగంట దారి అవుతుంది. జులై నుంచి సెప్టెంబరు దాకా బుక్ చేసేవాళ్లు తప్పక అడగాల్సింది ఇది: హోటల్‌కు సందు వైపు కూడా గుమ్మం ఉందా, నది వైపు ఒక్కటేనా? నది వైపు గుమ్మం ఒక్కటే ఉంటే ఆ నెలల్లో వద్దు. నీళ్లు తీశాక కూడా ఘాట్‌ల మీద మేట వేసిన ఒండ్రును పంపులతో కడిగి తీయడానికి రోజులు పడుతుంది. ఆ అక్టోబరులో కింది అంతస్తు గదుల గోడలకు చెమ్మ, ముక్కవాసన ఉంటాయి. మొదటి అంతస్తో, ఆపైనో అడగాలి.

పండుగ రద్దీలో మనవాళ్లు పొరపడే చోటు ఒకటుంది. మన పంచాంగంలో శ్రావణం అమావాస్య తర్వాత మొదలవుతుంది. అక్కడివాళ్లకు నెల పౌర్ణమితో ముగుస్తుంది కాబట్టి వాళ్ల శ్రావణం మనకంటే పదిహేను రోజుల ముందే, మన ఆషాఢ బహుళంలోనే మొదలైపోతుంది. "ఇంకా ఆషాఢమే కదా, ఖాళీగా ఉంటుంది" అనుకుని వెళ్తే కావడి భక్తుల మధ్య, సోమవారం బారుల మధ్య పడతారు. కార్తీక పౌర్ణమి ఇద్దరికీ ఒకటే రోజు. ఆ రాత్రి కాశీలో దేవ్ దీపావళి. ఘాట్‌లన్నీ దీపాలతో నిండే ఆ రాత్రికి గంగ కనిపించే గదుల ధర మామూలు రోజుల కంటే ఎన్నో రెట్లు పెరుగుతుంది. కొన్ని హోటళ్లు కనీసం రెండు మూడు రాత్రులు తీసుకోవాలంటాయి. దీపాలే చూడాలనుకుంటే నెలల ముందు బుక్ చేయాలి. ప్రశాంతంగా స్నానం, దర్శనం కావాలంటే ఆ వారం తప్పించడమే ఉత్తమం.

ఘాట్ ఎంచుకోవడం దగ్గరే అసలు నిర్ణయం ఉంది. దక్షిణం కొసన అస్సీ. వాహనాలు నదికి బాగా దగ్గరగా వస్తాయి, సందులు కాస్త వెడల్పు, తెల్లవారుజామున హారతి, సంగీతం ఉంటాయి. కానీ విశ్వనాథుడి గుడి అక్కడి నుంచి మూడు కిలోమీటర్ల పైమాటే, రోజూ ఆటో ఎక్కాలి. ఉత్తరంగా వస్తే హరిశ్చంద్ర ఘాట్, దాటగానే విజయనగరం ఘాట్, కేదార్ ఘాట్, మరికాస్త ముందుకు క్షేమేశ్వర్, మానససరోవర్ ఘాట్‌లు. ఇది మనవాళ్ల కాశీ. మన విజయనగరం రాజుల పేరున్న ఘాట్ ఇక్కడే, మానససరోవర్ దగ్గర శ్రీ రామ తారక ఆంధ్రాశ్రమం ఇక్కడే. పాండే హవేలీ, బెంగాలీ టోలా సందుల్లో తెలుగు వినబడుతుంది, ఇడ్లీ దొరుకుతుంది, తద్దినం పెట్టించే తెలుగు పురోహితులు దొరుకుతారు. సోనార్‌పురా కూడలి దాకా ఆటో వస్తుంది. అక్కడి నుంచి గుడికి ఘాట్‌ల మీదుగానో సందుల్లోనో నడిచి వెళ్లొచ్చు. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకు నేను మొదట చెప్పేది ఈ ప్రాంతమే. హరిశ్చంద్ర ఘాట్‌కు మరీ ఆనుకుని ఉన్న హోటల్ మాత్రం తప్పించాలి. చితులు రాత్రీ పగలూ కాలుతూనే ఉంటాయి, గాలి తిరిగితే పొగ గదిలోకి వస్తుంది. ఉబ్బసం ఉన్నవాళ్లకు అది చాలా కష్టం.

దశాశ్వమేధ, మాన్ మందిర్, మీర్ ఘాట్‌లు గుడికి దగ్గర. విశాలాక్షి అమ్మవారి గుడి మీర్ ఘాట్ దగ్గర సందులోనే. వారాహి అమ్మవారిని తెల్లవారుజామునే చూడాలి, పొద్దెక్కాక గుడి మూసేస్తారు, కాబట్టి ఆ దర్శనం ముఖ్యమనుకునేవాళ్లకు ఈ చుట్టుపక్కల గది బాగా కలిసొస్తుంది. అయితే సాయంత్రం హారతి వేళ మైకుల హోరు, జనం. హారతి అయిపోయాక ఆ జనమంతా ఒక్కసారిగా గోదౌలియా కూడలి వైపు కదులుతారు, ఆ సమయంలో సామానుతో ఎదురు నడవలేం. ఇంకా ఉత్తరాన మణికర్ణిక, సింధియా, పంచగంగ. సందులు ఇద్దరు పక్కపక్కన నడవలేనంత ఇరుకు, మణికర్ణిక దారుల్లో పాడెలు, కట్టెల మోపులు వెళ్తూనే ఉంటాయి. పంచగంగ దగ్గర త్రైలింగస్వామి మఠం ఉంది. నిశ్శబ్దంగా జపం చేసుకునేవాళ్లకు ఆ వైపు బాగుంటుంది, చక్రాల కుర్చీ అవసరమైనవాళ్లకు ఏమాత్రం పనికిరాదు. అసలు నడవలేనివాళ్లుంటే పాత ఊరే వద్దు. కంటోన్మెంట్ వైపు లిఫ్ట్ ఉన్న హోటల్ తీసుకుని, రోజుకోసారి కారులో వచ్చి వెళ్లడం వాళ్ల ఒంటికి మంచిది. నది నాలుగైదు కిలోమీటర్ల దూరం అవుతుంది, అంతే.

ఘాట్ తేలాక రెండు మూడు హోటళ్లు ఎంచుకుని ఫోన్ చేయాలి. యాప్‌లో మెసేజ్ పెడితే "అన్నీ ఉన్నాయి సార్" అనే జవాబు వస్తుంది. హిందీ రాకపోయినా ఈ మూడు ముక్కలు చాలు. "గాడీ కహా తక్ ఆయేగీ?" అంటే బండి ఎక్కడి దాకా వస్తుందని. "వహా సే కిత్‌నా పైదల్?" అంటే అక్కడి నుంచి నడక ఎంతని. "కమ్‌రే తక్ కిత్‌నీ సీఢియా?" అంటే గది దాకా మెట్లెన్ని అని. నడక ఎంత అంటే అందరూ "దో మినట్" అనే అంటారు. అందుకని నిమిషాలు వదిలేసి, బండి ఆగే కూడలి పేరు, హోటల్‌కు దగ్గరి ఘాట్ పేరు అడిగి, మ్యాప్‌లో మనమే కొలుచుకోవాలి. ఆ సందుల్లో మ్యాప్ గుర్తు ఒక్కోసారి పక్క సందులో ఉంటుంది, హోటల్ వాళ్లనే లొకేషన్ పంపమనాలి.

మెట్ల విషయంలో మొహమాటపడకూడదు. పాత ఇళ్ల మెట్లు ఎత్తుగా, నిట్రంగా ఉంటాయి, పట్టుకోవడానికి కమ్మీ ఉండకపోవచ్చు. అలాంటి ముప్పై మెట్లు మన అపార్ట్‌మెంట్‌లో మూడంతస్తులు ఎక్కినంత శ్రమ. సందు నుంచి గుమ్మానికి ఎన్ని, గుమ్మం నుంచి గదికి ఎన్ని అని విడివిడిగా అడగాలి, వీడియో తీసి పంపమనాలి. మంచి హోటల్ వాళ్లు పంపుతారు. పంపడానికి విసుక్కునేవాళ్లు రేపు వేడినీళ్లు రావడం లేదంటే కూడా అలాగే విసుక్కుంటారు.

"గంగా వ్యూ" అన్న గదికి అదనంగా డబ్బు కట్టే ముందు, మంచం దగ్గర నిలబడి పగటిపూట తీసిన వీడియో అడగాలి. బాల్కనీ చివర మెడ తిప్పితే కనిపించే నీటి చారకు కూడా అదే పేరు పెడతారు. కోతుల బెడదతో దాదాపు ప్రతి కిటికీకీ ఇనుప వల ఉంటుంది, దృశ్యమంతా ఆ వలలోంచే. డాబా మీద కూర్చునే వీలున్న హోటలైతే గది లోపలి వైపుది తీసుకుని గంగను డాబా మీంచి చూసుకోవచ్చు, అదే నాకు నచ్చిన పద్ధతి. లోపలి గది అంటే ఏమిటో కూడా తెలుసుకోవాలి. ఆ పాత ఇళ్లకు మన మండువా లోగిలిలా మధ్యలో ఖాళీ ఉంటుంది, లోపలి గదుల కిటికీలు దానిలోకి తెరుచుకుంటాయి. వేసవిలో చల్లగా ఉంటాయి. వెలుతురు తక్కువ, కింద రిసెప్షన్‌లో మాట్లాడే ప్రతి మాటా పైకి వినిపిస్తుంది. కిటికీ అసలు లేని గదులు కూడా ఉంటాయి, అవి ఎంత చవకైనా తీసుకోకూడదు.

మిగతా ప్రశ్నలు త్వరగా తేలిపోతాయి. కరెంటు పోతే ఇన్వర్టర్ మీద ఫ్యాన్, లైటు మాత్రమే నడుస్తాయా, ఏసీకి జనరేటర్ ఉందా? గీజరు గదిలోనే ఉందా, వేడినీళ్లకు వేళలున్నాయా? చలికాలంలో రూమ్ హీటర్‌కు విడిగా తీసుకుంటారా? ఉల్లి, వెల్లుల్లి లేకుండా వండుతారా? గదిలో ఇండక్షన్ పొయ్యి చాలామంది ఒప్పుకోరు, పాత వైరింగ్ తట్టుకోదు. చెప్పకుండా పెట్టుకుంటే అంతస్తంతా చీకటైపోతుంది. చాలామంది అడగని, తప్పక అడగాల్సిన ప్రశ్న మరొకటుంది: రాత్రి ప్రధాన ద్వారం ఎన్నింటికి మూస్తారు, తెల్లవారుజామున రెండింటికి తెరుస్తారా? విశ్వనాథుడి మంగళ హారతి మూడింటికి మొదలవుతుంది, అంతకు ముందే చేరుకోవాలి. తాళం వేసి పడుకున్న కుర్రాణ్ని ఆ వేళ లేపలేక టికెట్ వృథా అయినవాళ్లున్నారు. హారతి టికెట్ ఉందని ముందు రాత్రే చెప్పి, తాళం ఎవరి దగ్గర ఉంటుందో అడిగి పెట్టుకోవాలి.

సత్రమా హోటలా అన్న సందేహం మనవాళ్లకు ఎప్పుడూ ఉంటుంది. సత్రాల్లో ఖర్చు తక్కువ, తిండి మన తిండి, కర్మకాండలకు వీలు. అయితే కార్తీకం, శివరాత్రి రోజుల్లో ఖాళీ దొరకదు, కొన్నిచోట్ల ఒంటరిగా వచ్చినవారికి గది ఇవ్వరు, ఇన్ని రోజులకు మించి ఉండకూడదన్న నియమాలుంటాయి. సత్రం దగ్గర్లోని చిన్న హోటల్లో దిగి, భోజనానికి ముందుగా చెప్పి సత్రానికి వెళ్లడం రెండు విధాలా బాగుంటుంది.

డబ్బు దగ్గర లెక్క ఇలా ఉంటుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 రూపాయల లోపు గదికి జీఎస్టీ 5 శాతం. రోజుకు 2,000 చొప్పున తొమ్మిది రాత్రులంటే 18,000, దాని మీద 900, మొత్తం 18,900. ఏడాది వ్యాపారం 20 లక్షల లోపున్న చిన్న హోటళ్లకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, నేరుగా మాట్లాడుకుంటే పన్ను పడకపోవచ్చు. అదే గది యాప్‌లో తీసుకుంటే పన్ను పడుతుంది. కాబట్టి యాప్‌లో గది చూసి, సమీక్షలు చదివి, తర్వాత నేరుగా ఫోన్ చేసి ధర అడగడంలో తప్పు లేదు. తొమ్మిది రాత్రులు ఉంటామంటే తగ్గిస్తారు కూడా. అయితే మ్యాప్‌లో కనిపించే ఫోన్ నంబరును గుడ్డిగా నమ్మకూడదు. పేరున్న బసల పేరుతో దొంగ నంబర్లు, దొంగ సైట్లు పెట్టి అడ్వాన్సు కాజేసే మోసాలు పుణ్యక్షేత్రాలన్నింటిలో ఉన్నాయి. యూపీఐలో డబ్బు పంపే ముందు అవతల కనిపించే పేరు హోటల్‌దో, యజమానిదో అడిగి సరిచూసుకోవాలి. ఒక్క రాత్రి డబ్బుకు మించి ముందే పంపకూడదు. తేదీలు, గది రకం, అంతస్తు, పన్నుతో కలిపిన ధర, ఖాళీ చేసే వేళ, ఇవన్నీ వాట్సాప్‌లో రాయించుకోవాలి. అమెరికా పౌరసత్వం ఉన్న పిల్లలు వెంట వస్తుంటే ముందే చెప్పాలి. విదేశీ పాస్‌పోర్టు ఉన్న ప్రతి ఒక్కరి వివరాలూ హోటల్ 24 గంటల్లోగా అధికారులకు పంపాలి. ఆ ఏర్పాటు లేని చిన్న బసలు గుమ్మం దగ్గరే కాదంటాయి.

స్టేషన్ పేర్లు టికెట్ మీద సరిగ్గా చూసుకోవాలి. వారణాసి జంక్షన్‌నే కంటోన్మెంట్ అంటారు. బనారస్ అని రాసి ఉంటే అది పాత మండువాడీహ్. పండిట్ దీన్ దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్ అంటే 2018 దాకా మొఘల్ సరాయ్, అది గంగకు అవతలి వైపు, ఊరికి పదిహేడు కిలోమీటర్ల దూరంలో ఉంది. మన వైపు నుంచి బీహార్ వెళ్లే రైళ్లలో వచ్చేవాళ్లు అక్కడ దిగాల్సి రావచ్చు, హోటల్ చేరడానికి గంట, రద్దీలో ఇంకా ఎక్కువే పడుతుంది. ఆటో వాడికి హోటల్ పేరు చెప్పకుండా కూడలి పేరు చెప్పాలి: సోనార్‌పురా, అస్సీ, గోదౌలియా. పేరు చెబితే "అది మూసేశారు, ఇంకోటి చూపిస్తా" అనేవాళ్లు ఎదురవుతారు. వాళ్లు చూపించే గది ధరలో వాళ్ల కమీషన్ కలిసే ఉంటుంది. కూడలి దగ్గరికి కుర్రాణ్ని పంపమని హోటల్‌కు ముందే చెప్పి, సామాను మోసినందుకు అతనికి కొంత ఇవ్వాలి. చక్రాల పెట్టెలు ఆ రాళ్ల సందుల్లో కదలవు. ఇరవై కిలోల పెట్టె ఒకటి తెచ్చే బదులు ఎనిమిదేసి కిలోల సంచులు రెండు భుజాన వేసుకోవడం తేలిక. వీలైనంత వరకు పగలే చేరుకోవాలి. రాత్రి పది దాటితే కొట్లు కట్టేస్తారు, దారి అడగడానికి మనిషి దొరకడు.

గదిలోకి వెళ్లగానే, రిజిస్టరులో సంతకం పెట్టకముందే, కొన్ని చూసుకోవాలి. కుళాయి ఐదు నిమిషాలు తిప్పి వేడినీళ్లు వస్తున్నాయా, బాత్‌రూమ్‌లో నీళ్లు నిలుస్తున్నాయా, కిటికీ గడియ గట్టిగా పడుతోందా అని. గడియ సరిగ్గా లేకపోతే కోతి లోపలికొస్తుంది, పళ్లు, మందుల సంచి రెండూ పోతాయి. ఫోన్ సిగ్నల్ గది మధ్యలో చూడాలి. బాగా లేకపోతే సామాను విప్పకముందే గది మార్చమంటే మారుస్తారు, ఒక రాత్రి పడుకున్నాక అడిగితే ఒప్పుకోవడం కష్టం.

గుడికి వెళ్లేటప్పుడు గది దగ్గరగా ఉండటం విలువ తెలుస్తుంది. 2021 డిసెంబరు 13న, గుడి నుంచి గంగ దాకా కట్టిన కారిడార్ ప్రారంభమయ్యాక లలితా ఘాట్ నుంచి గంగా ద్వారం మీదుగా నేరుగా లోపలికి వెళ్లే వీలు కలిగింది. ఫోన్లు, సంచులు, పెన్నులు లోపలికి రానివ్వరు. బయట కొట్లలో లాకరిస్తామంటూ పూజా సామాను అంటగడతారు. గదిలోనే అన్నీ పెట్టేసి, డబ్బు, ఆధార్ మాత్రం తీసుకుని వెళ్తే ఆ గొడవే ఉండదు. ఒకే గుంపులో వెళ్లినవాళ్లు ఫోన్లు లేకుండా విడిపోతే కలుసుకోవడానికి ఒక చోటు ముందే అనుకోవాలి. హోటల్ చిరునామా ఉన్న కార్డు ప్రతి పెద్దవారి జేబులోనూ ఉండాలి, వెనకాల దగ్గరి ఘాట్ పేరు హిందీలో రాయించి.

ఖాళీ చేసే రోజు బండి తెల్లవారుజామునే అయితే లెక్క ముందు రాత్రి ఎనిమిదింటికల్లా తేల్చుకోవాలి. ఆ వేళకు యజమాని ఉంటాడు, తెల్లారి ఉండేది కుర్రాడే. నీళ్ల సీసాలు, టీలు, బట్టల ఉతుకు, పడవకు హోటల్ ద్వారా కట్టినది విడివిడిగా రాయించుకుని సరిచూసుకోవాలి. కారు ఏ కూడలి దగ్గర ఆగుతుందో డ్రైవరుతోనూ, సామాను అక్కడి దాకా ఎవరు తెస్తారో హోటల్‌తోనూ మాట్లాడుకుని, ఆ కుర్రాడి ఫోన్ నంబరు తీసుకోవాలి. చేతిలో టార్చి లైటు ఉంచుకోవాలి, సందుల్లో ఆవులు పడుకుని ఉంటాయి.